కుట్టుమిషనుకు నోరిచ్చిన దానమ్మ మేడం

"మేడం, మా పాప అబద్ధాలు చెప్తాంది. నాకు భయమయితాంది."

మెట్ల మీద నిలబడే అనేశాను. కింద వరండాలో అనపకాయలు ఒలుస్తున్న దానమ్మ మేడం తలెత్తి చూశారు.

"ఎవురికి చెప్తాంది?"

"అందరికీ. నీళ్ళ బాటిల్ పగలగొట్టుకోని వచ్చింది. ఎట్ల పగిలిందే అంటే ఆటో దిగేటప్పుడు పడిందనె. వాళ్ళ నాయనకేమో పక్క పిల్ల తోసిందని చెప్పింది. ఇప్పుడు మళ్ళీ అడిగితే బాటిలే దూకిందంట."

"ఎందుకు దూకిందంట?"

నా వెనక నుంచి హాసిని జవాబు చెప్పింది. "దానికి ఉక్క పోసింది అవ్వా. బ్యాగులో అంతా చీకటి."

మేడం ఒళ్ళోని కాయలు కింద పడేంతగా నవ్వారు.

"నవ్వేది గాదు మేడం," అన్నాను. నిజంగానే నాకు ఏడుపు వచ్చేట్టుంది. నేను నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. జరిగింది ఒకటే ఉంటుంది, సరిగ్గా కొలిస్తే తేలిపోతుంది. నేను నేర్చుకున్నదీ, నేర్పేదీ అదే. బడిలో చేరి ఏడాది కాని పిల్ల ఒక్క బాటిలుకు మూడు కథలు చెబుతుంటే తప్పు నా పెంపకంలోనే ఉందనిపించేది.

"నీ కూతురు చేస్తాండే పని మీదనే నేను ఏండ్లకేండ్లు పరిశోధన చేసినా మా," అన్నారు మేడం. "దాన్ని ఆధునికోత్తర కథ అంటారు. ఒగప్పుడు ఏమనుకుండిరంటే, కథకు ఒకటే నిజముంటాది, దాన్ని చెప్పే పెద్దమనిషి ఒకడుంటాడు, వాడు చెప్పింది మనం నమ్మల్ల అని. తర్వాతోళ్ళొచ్చి కాదు పో అన్నారు. నలుగురు నాలుగు తీర్లు చెప్తారు, చెప్పేటోన్ని నమ్మాల్సిన పన్లేదు, బాటిలు గూడా చెప్పొచ్చు అన్నారు. ఆడోళ్ళకు అది బాగా పనికొచ్చింది. ఎందుకంటే ఆ పెద్దమనిషి ఎప్పుడు చూసినా మొగోడే గదా."

"అయితే అబద్ధాలు చెప్పనీమంటారా?"

మేడం కింద పడిన కాయలు ఏరుకుంటూ, "అది నాకూ తెలీదు మా," అన్నారు.

ఆ జవాబు ఆమెకు ఆ తర్వాత దొరికింది. దొరకడానికి ముందు ఆమె చాలా సిగ్గుపడాల్సి వచ్చింది. పక్కనే ఉన్నందుకు నేనూ కొంత పడ్డాను.

నూనెపల్లెలో దానమ్మ మేడం ఇంటి పై భాగంలో మేము అద్దెకుంటాం. ఆమె సొంత ఊరు ఆళ్ళగడ్డ. తండ్రి మిషన్ బడి పంతులు, ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి హన్నమ్మ కుట్టుమిషను మీద ఊరి ఆడవాళ్ళకు రవికెలు కుట్టి కూతుర్నీ, కొడుకు తిమోతినీ పెంచింది. కూతురు చదువుతానంటే చదివించింది. మేడం తిరుపతిలో తెలుగు ఎం.ఏ. చేసి, నంద్యాలలో ఆడపిల్లల కాలేజీలో లెక్చరరై, ఉద్యోగం చేసుకుంటూనే డాక్టరేటు తెచ్చుకుని, అక్కడే రిటైరయ్యారు. పెళ్ళి లేదు. "చేసుకోలేదా, కుదరలేదా?" అని ఎవరైనా ఆరా తీస్తే, "రెండు తీర్లా చెప్పొచ్చు, మీకేది కావల్ల?" అనేవారట.

క్లాసులో ఏ పాఠమైనా ఆమె ప్రశ్న ఒకటే. ఈ కథ ఎవరు చెప్తున్నారు, ఎవరిని మాట్లాడనియ్యకుండా చెప్తున్నారు? రాజు వేటకు పోయిన పద్యం చెబితే, "సరే, రాజు పోయె. ఆ గుర్రానికి గడ్డి ఎవురు కోసిరి?" అని అడిగేవారు. పిల్లలు చాటుగా ఆమెను గడ్డి మేడం అనేవాళ్ళు. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసి గర్వపడేవారు కూడా.

రిటైరయ్యాక ఆ ప్రశ్నను ఆమె చర్చికి తీసుకుపోయారు.

మాది అవుకు పక్కన సేద్యం చేసుకునే ఇల్లు. మాలో లేని ఒక పద్ధతి చర్చికి పోయే వాళ్ళలో ఉంది. మనిషి పోయాక కొద్ది రోజులకు ఆదరణ కూడిక పెడతారు. పాటలు, వాక్యం, ప్రార్థన, చివర భోజనాలు. మధ్యలో ఎవరో ఒకరు లేచి పోయినవాళ్ళ జీవిత చరిత్ర చదువుతారు. దానికొక అచ్చు ఉంది. ఫలానావారి కుమార్తెగా ఫలానా ఊర జన్మించి, ఫలానావారిని వివాహమాడి, ఇందరు కుమారులను, కుమార్తెలను, అల్లుళ్ళను, కోడళ్ళను, మనుమలను చూచి, ప్రభువునందు నిద్రించిరి. ఆ చోటుల్లో పేర్లు నింపితే చాలు. మగవాళ్ళకైతే ఉద్యోగం, సంఘంలో పదవి కలిసి ఒక పేజీ అవుతుంది. ఆడవాళ్ళకు సగం పేజీ కూడా నిండదు.

దానమ్మ మేడం ఆ అచ్చును పక్కన పడేశారు. ఒక ముసలామె జీవితాన్ని ఆమె పెంచిన కోళ్ళు చెప్పాయి. ఇంకొకామెకు రెండు ముగింపులు రాశారు: జరిగిందొకటి, ఆమె కోరుకున్నదొకటి. మొదట సంఘ పెద్దలు గొణిగారు. "జీవిత చరిత్రంటే జీవిత చరిత్ర లెక్కుండల్ల. కోళ్ళేంది మేడం?" అన్నాడొక పెద్దాయన. కానీ అది విని ఆడవాళ్ళు ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు. ఆ పెద్దాయన భార్య కూడికలోనే పక్కామెతో, "నేను పోతే మేడంతోనే రాయిచ్చండి. ఈయనను ముట్టుకోనియ్యాకండి," అనిందట. ఆ తర్వాత ఎవరింట్లో చావు జరిగినా మనిషి ఈ వరండాకే వచ్చేవాడు.

పోయిన ఏడాది వానల్లో హన్నమ్మ పోయింది.

ఆమె ఆళ్ళగడ్డలో కొడుకు దగ్గర ఉండేది. తిమోతి ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. మేడం ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గిన్నెలో పాయసం పోసుకుని బస్సెక్కేవారు. నేనూ హాసినీ రెండు మూడుసార్లు వెంట పోయాం. వెళ్ళగానే మేడం తల్లి మంచం మీద కూర్చుని, చెంచాతో పాయసం తినిపిస్తూ పాత కబుర్లు చెప్పించేవారు. మాకు తలుపు తీసేది తిమోతి భార్య సరోజమ్మ. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టేదీ ఆమే. తినేటప్పుడు నేను మేడం మాటలే వింటూ ఉండేదాన్ని.

కూడికకు మేడం తల్లి జీవిత చరిత్ర రాశారు. ఆళ్ళగడ్డ పోయే ముందు వరండాలో మాకు చదివి వినిపించారు. అందులో చర్చి గంట మాట్లాడింది. పదహారేళ్ళ దానమ్మను హాస్టలుకు తీసుకుపోయిన బస్సు మాట్లాడింది. పక్కింటి జయలక్ష్మమ్మ పెళ్ళినాటి రవికె మాట్లాడింది. అన్నింటికంటే ఎక్కువగా కుట్టుమిషను మాట్లాడింది.

"నేను హన్నమ్మ కాలి కింద బతికాను," అని మొదలవుతుంది ఆ భాగం. "మొగుడు పోయిన నెలలో ఆమె నా మీద కాలు పెట్టింది. ఏడిస్తే బట్ట మీద మరక పడుతుందని ఏడవలేదు. ఆమె ఏడుపంతా నాకే తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో నన్ను చాలా గట్టిగా తొక్కేది." చివరికొచ్చేసరికి మిషను ఇలా అంటుంది: "మంచాన పడ్డాక ఆమె దేనికీ ఆశపడలేదు, ఆదివారం కూతురు తెచ్చే పాయసానికి తప్ప. ఒక పొద్దున నిద్రలోనే, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా వెళ్ళిపోయింది."

 "ఎంత బాగుందో మేడం," అన్నాను. హాసిని మాత్రం, "మిషన్ పేరేంది అవ్వా?" అని అడిగింది. పేరు లేదన్నారు మేడం.

ఆళ్ళగడ్డలో ఇంటి ముందర షామియానా వేశారు. ఆ వీధి చివర విగ్రహాలు చెక్కే షెడ్లున్నాయి. ఉలి చప్పుడు ఆగకుండా వినిపిస్తుంటే, తిమోతి పోయి కూడిక అయ్యేదాకా ఆపమని చెప్పి వచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. మేడం లేచి చదివారు. గంట మాట్లాడేటప్పుడు అందరూ నవ్వారు. మిషను మాట్లాడేటప్పుడు కొంగులన్నీ ముక్కుల దగ్గరికి పోయాయి. సరోజమ్మ నీళ్ళ జగ్గు పట్టుకుని గడపలో నిలబడి వింటోంది. ఆఖరు దాకా అలాగే నిలబడింది. చదవడం అయిపోయి మేడం కళ్ళజోడు తీసినా, ఇంకా ఏదో ఉన్నట్టు ఆమె కదల్లేదు.

పాట ఎత్తుకోబోతుండగా జయలక్ష్మమ్మ లేచింది. పక్కిల్లు ఆమెది, పెద్ద సేద్యం. ఎనభైకి దగ్గర పడిన మనిషి. చర్చికి వచ్చే మనిషి కాదు. హన్నమ్మ స్నేహితురాలుగా ముందు వరుసలో కూర్చోబెట్టారు.

"బాగ రాసినావు దానమ్మా," అంది. "గంట మాట్లాడె, బస్సు మాట్లాడె, మిషన్ మాట్లాడె. నా రైక గూడా మాట్లాడె. మరి సరోజ యాడ పాయ?"

షామియానా కింద తలలన్నీ గడప వైపు తిరిగాయి.

"అన్నేండ్లు ముసల్దాని కింద ఎత్తిపోసిందెవురమ్మా? మిషన్ ఎత్తిపోసెనా? ఎవురికీ శ్రమ ఇయ్యకుండా పోయిందంట! గోడవతల ఉండేదాన్ని, నాకు చెవుల్లేవా?"

"అక్కా, ఊరికే ఉండు," అన్నాడు తిమోతి.

"నువ్వుండప్పా. నువ్వు గూడా లేవు దాంట్లో. చూసుకుంటివా?"

వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరుగారు గబగబా పాట మొదలుపెట్టారు. మేడం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సరోజమ్మ గడప దిగి వరసగా అందరి గ్లాసుల్లో నీళ్ళు పోసుకుంటూ వచ్చింది. మేడం గ్లాసులోనూ పోసింది. ముఖం చూడలేదు.

ఆ రోజు అక్కడ భోజనం చేస్తున్నంతసేపూ నేను తలెత్తలేకపోయాను. ఆ ఇంట్లో సరోజమ్మ చేతి సంగటి తిన్నదాన్ని నేను. ఆమె లేని చరిత్ర విని ఎంత బాగుందో అన్నదాన్నీ నేనే. అదే చేతితో ఆమె నాకు మళ్ళీ వడ్డించింది. "పాపకు కారం తక్కువేసి వేరే చేసినా," అంది.

తిరుగు బస్సు శిరివెళ్ళ దాటింది. మేడం కిటికీ వైపు చూస్తూనే అన్నారు:

"పాత అచ్చులో రాసింటే ఆ పేరు వచ్చేది."

ఏ పేరని అడిగాను.

"కుమారులు, కుమార్తెలు, అల్లుళ్ళు, కోడళ్ళు. ఆ వరస ఉంటాది గదా. తిమోతి రాసింటే 'కోడలు సరోజమ్మ' అని రాసుండు. ఊర్లో ఎవురు రాసినా రాసుందురు. ఆడోళ్ళకు గొంతు లేదని నేను అచ్చు పగలగొడితిని. సరోజకుండే ఆ ఒక్క చోటు గూడా దాంతోనే పాయ."

"మీరు కావాలని చేయలేదు గదా మేడం."

"కావాలని చేసుంటే మేలు మా. కోపముందని చెప్పుకోవచ్చు. నాకు ఆమె కనపడలే. అంతే." కిటికీ ఊచ పట్టుకుని, "గుర్రానికి గడ్డి ఎవురు కోసిరని ఎంతమంది పిల్లలను నిలబెట్టి అడిగినానో," అన్నారు.

ఆ ఆదివారం మేడం ఆళ్ళగడ్డ పోలేదు. పోవడానికి తల్లి లేదు. మరదలి ముఖం చూసే ధైర్యం లేదు. ఫోన్ చేస్తే తిమోతి ఎత్తేవాడు. ఒకసారి సరోజమ్మే ఎత్తింది. మేడం స్పీకరు పెట్టుకుని మాట్లాడతారు గనుక ఆ మాట మెట్ల మీదున్న నాకూ వినపడింది.

"మిషన్ ఈడనే ఉండాది వొదినా. ఫోన్ దానికియ్యాల్నా?"

మేడం ఫోన్ పెట్టేశారు. నన్ను చూసి నవ్వబోయారు, కాలేదు. "చూస్తివా? ఒక్క మాటలో ఎంత కథుందో," అన్నారు. ఆ వెంటనే అలా అన్నందుకూ సిగ్గుపడి లోపలికి పోయారు.

జీవిత చరిత్ర రాయమని వచ్చినవాళ్ళను ఆమె తిప్పి పంపడం మొదలుపెట్టారు. "నాకు చూపు ఆనడం లేదు నాయనా," అనేవారు. అది పూర్తి నిజమూ కాదు, అబద్ధమూ కాదు. హాలు గోడన సన్మానం ఫోటో ఒకటుండేది, "మాట లేని వారికి మాట" అని కింద రాసి. ఒకరోజు చూస్తే గోడ మీద మేకు మాత్రమే ఉంది.

ఏడాది జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడింది. సమాధి మీద చెక్కిన బండ కూడా ఆ రోజే పెట్టాలనుకున్నారు. తిమోతి వచ్చి గేటు దగ్గరే నిలబడి చెప్పాడు.

"అక్కా, ఎట్ల చెప్పల్లో తెలీడం లేదు. నువ్వొస్తే సరోజ వెలుగోడు పోతాదంట, వాళ్ళక్క కాడికి. ఇంగ రానంటాది. ఇంట్లో ఆమె లేకుండా నేను కూడిక ఎట్ల పెట్టేది? నువ్వు లేకుండా ఎట్ల పెట్టేది?"

మేడం గేటు పట్టుకున్నారు. ఆమెకు ఈ లోకంలో పుట్టిల్లనేది ఆ ఒక్క గడపే. పండక్కి పోయేదీ, రేపు మంచాన పడితే కబురు పోయేదీ అక్కడికే. అది ఈసారి మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదని, మెట్ల మీదున్న నాతో సహా ముగ్గురికీ తెలుసు.

"నేనే వచ్చి మాట్లాడతాలేప్పా," అన్నారు.

మాట్లాడటానికి ఆమె మళ్ళీ రాసుకున్నారు. ఈసారి అంతా సరోజమ్మ గురించే. వారమంతా రాశారు. శనివారం నన్ను పిలిచారు. "నువ్వు గూడా రా మా. నేనొక్కదాన్నే పోతే తలుపు తీయదు. పిల్లుంటే తీస్తాది." అలా అడిగినందుకు ఆమె నా వైపు చూడలేకపోయారు. నేను కాలేజీకి సెలవు పెట్టాను.

పిల్ల ఉందని సరోజమ్మ తలుపు తీసింది. హాసినికి మజ్జిగిచ్చి, మళ్ళీ పోయి నట్టింట్లో పీట మీద కూర్చుంది. ముందు చేటలో చింతపండు. గింజలు తీసి ఒక పక్కకు వేస్తోంది. మూలన మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

"నీ గురించి రాసినా సరోజా. వింటావా?"

సరోజమ్మ ఇంకో గింజ తీసి పక్కకు వేసింది. మేడం చదవడం మొదలుపెట్టారు. సహనానికి ప్రాణమొస్తే సరోజ అయ్యేదని, ఆమె మౌనంలో ఒక మహాకావ్యం ఉందని, అత్తను తల్లిలా...

"ఆపు వొదినా. ఎవురామె?"

"నువ్వే."

"నేనా? నాకు సహనం యాడుండాది? మీ అమ్మను నేను తిట్టినా. పక్క తడిపిన ప్రతి తూరీ తిట్టినా. అన్నం ఉమ్మేస్తే తట్ట ఎత్తి కొట్టినా. ఒగనాడు ఆమె నన్ను గిచ్చె. నేను గూడా గిచ్చితి. రాయి. రాస్తావా అది?"

మేడం కళ్ళజోడు తీశారు.

"తిట్టినా, మళ్ళీ కడిగినా. రెండూ నేనే. మొన్న నన్ను లేకుండ జేస్తివి. ఈ పొద్దు ఇంగెవురో పుణ్యాత్మురాల్ని తెచ్చి నా పీట మీద కూర్చోబెడ్తాండావు. దానికంటే లేకుండ ఉండిందే మేలు."

మేడం కాగితాలు మడిచారు. సంచిలో పెట్టి జిప్పు వేశారు. ఆ ముఖాన్ని నేను చూడలేక హాసినిని ఒళ్ళోకి లాక్కున్నాను. అంత చదివిన మనిషి రెండోసారీ తప్పటడుగు వేయడం చూస్తూ కూర్చోవడం, ఆమె బట్టలు జారిపోతుంటే చూసినంత సిగ్గుగా ఉంది. లేచి పోదామని నేను సైగ చేశాను. ఆమె లేవలేదు. నేల చూస్తూ చాలాసేపటికి అడిగారు:

"అమ్మ పోయిన పొద్దు ఆడ ఇంకెవురుండిరి?"

అడిగి ఊరుకున్నారు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. చేటలో గింజల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఎవురుంటారు," అంది సరోజమ్మ చివరికి. "ఈయప్ప డ్యూటీకి పోయె. జయలక్ష్మక్క పాలు పిండుకుంటాండె. పిల్లి ఉండె. నేనుంటి."

మేడం చూపు ఇంకా నేల మీదే ఉంది.

"నిద్రలో పోలే ఆమె. నువ్వట్ల రాసినావు గానీ. తెల్లారినాంక గూడా మెలకువతోనే ఉండె. నోరెండుకపోతాంటే చెంచాతో నీళ్ళు పోస్తాంటి. కండ్లు తెరిచి 'దానా, వచ్చినావా' అనె. కాదత్తా, సరోజని అంటి. మళ్ళా 'దానా' అనె. ఆ చూపు ఎట్లుండెనంటే..." సరోజమ్మ చేతులు ఆగాయి. "ఆఁ మా, వచ్చినా, దానమ్మనే అంటి. నా చెయ్యి గెట్టిగ పట్టుకునె. బస్సులో సీటు దొరికెనా అనె. దొరికె అంటి. అంతే."

పిల్లి ఒకటి మిషను కింద నుంచి వచ్చి హాసిని దగ్గర కూర్చుంది.

"ఆ పొద్దు గూడా ఆడ నేను లేను వొదినా. నువ్వే ఉండావు. పోనీలే, కూడికలోనన్నా ఉంటానేమో అనుకుంటి. జగ్గు పట్టుకోని ఆఖరి దాకా నిలబడితి."

మేడం ఏడవలేదు. ఆమెకు ఆ హక్కు లేదనుకున్నట్టు నోరు గట్టిగా బిగించుకున్నారు. నేల మీద జరిగి చేట దగ్గరికి పోయి, కొంత చింతపండు తన ముందుకు లాక్కుని గింజలు తీయడం మొదలుపెట్టారు. ఆమెకు ఆ పని సరిగా రాదు. సరోజమ్మ కొంతసేపు చూసింది.

"ఈనెలు గూడా తీయల్ల," అంది.

మేడం ఈనెలు కూడా తీశారు. చేటలో సగం అయ్యాక సరోజమ్మ లేచింది. "సంగటి గెలికి పెడతా. తినిపోండి." వంటింటి గడపలో ఆగి వెనక్కి తిరక్కుండానే, "కూడికకు రా. రాసుకోని రావాకు," అంది.

ఏడాది కూడికలో జీవిత చరిత్ర తిమోతి చదివాడు. పాత అచ్చులోనే, ఒక్క కాగితం మీద. ఫలానావారి కుమార్తెగా జన్మించి, ఫలానావారిని వివాహమాడి, కుమార్తె దానమ్మను, కుమారుడు తిమోతిని, కోడలు సరోజమ్మను... ఆ పేరు దాని చోటికి అది వచ్చింది, దానికి ముందూ వెనకా ఏ విశేషణమూ లేదు. సరోజమ్మ ముందు వరుసలో కుర్చీలో కూర్చుని ఉంది. నీళ్ళ జగ్గు మేడం చేతిలో ఉంది. ఆమె గ్లాసుల్లో సగం, చెప్పుల మీద సగం పోసుకుంటూ వరసలన్నీ తిరిగారు.

"ఏమే దానమ్మా, ఈ తూరి మిషన్ మాట్లాడలే?" అని అడిగింది జయలక్ష్మమ్మ.

"దానికి గొంతు పోయింది అక్కా. నీళ్ళు తాగు," అన్నారు మేడం.

సరోజమ్మ నవ్వింది. మేడం నవ్వలేదు. ఆ సిగ్గు ఆమెను ఇంకా వదల్లేదని నాకు తెలుసు. జీవిత చరిత్రలు ఇప్పుడు మళ్ళీ రాస్తున్నారు. కానీ ముందు ఆ ఇంటికి పోయి, వంటింట్లో కూర్చుని, అక్కడ ఎవరుంటే వాళ్ళతో పాటు ఏ పని దొరికితే ఆ పని చేసి వస్తారు. రాసింది వాళ్ళకే మొదట చదివి వినిపిస్తారు. వాళ్ళు వద్దన్నది కొట్టేస్తారు.

ఆ రోజు తిరిగి వస్తుంటే హాసిని కొత్త నీళ్ళ బాటిలుకు మూత లేదు.

"మూతేది?" అన్నాను.

"ఈతకు పోయింది."

నా గొంతు లేచింది. బస్సులో నలుగురూ చూశారు. "మళ్ళీ అబద్ధమా? నిజం చెప్పు. చెప్పకపోతే..." అంటున్నాను.

మేడం నా మోచేయి పట్టుకున్నారు.

"అప్పుడు అడిగితివి గదా మా, నాకు తెలీదంటి. ఇప్పుడు చెప్తా విను. నిజమా అబద్ధమా అని అడగాకు. ఆడ ఇంకెవురుండిరి అని అడుగు. అడిగినాంక నువ్వు నోరు మూసుకో. మన లెక్క చదువుకున్నోళ్ళకు అదే రాదు."

నేను హాసిని వైపు తిరిగాను. "మూత ఈతకు పోయినప్పుడు ఆడ ఇంకెవురుండిరి?"

పిల్ల వేళ్ళు మడుస్తూ ఆలోచించింది. "నేనుంటి. బకెట్టుండె. పిల్లుండె. నువ్వుంటివి."

"నేనా?"

మేడం మోచేయి మళ్ళీ నొక్కారు. ఊరుకున్నాను.

"నువ్వు ఫోన్ చూస్తాంటివి. మూత పట్టుకో మా అని ఇస్తి. నువ్వు చూడకుండానే చెయ్యి చాపితివి. అది బకెట్లో పడె. నువ్వు చూడలే."

ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది. లేదు, నేను ఫోనులో కాలేజీ పని చూసుకుంటున్నాను అని చెప్పబోయాను. పక్కన మేడం కిటికీ లోంచి బయటికి చూస్తున్నారు.

అప్పటి నుంచి అదే అడుగుతున్నాను. అడిగాక నోరు మూసుకుంటున్నాను.